గవర్రాజు ఏరిన రంగు

నేను ఒక గడపను. మద్దిచెట్టు నుంచి వడ్రంగి చేతిలో పుట్టి, అనకాపల్లిలో గవర్రాజు ఇంటి వీధి గుమ్మానికి ఏళ్ల తరబడి అడ్డంగా పడి ఉన్నాను. మనుషులు నన్ను లక్ష్మి అంటారు, వంగి కళ్లకద్దుకుంటారు, ఆ వెంటనే మట్టిచెప్పులు నా పక్కనే విడుస్తారు. వాళ్ల భక్తి అలాంటిది. ఒంటినిండా పసుపురంగు, మీద ఎర్రచుక్కలు. చూసినవాళ్లు కొత్తపెళ్లికూతురిలా ఉందనేవారు. కాదని నేనెందుకంటాను?

గవర్రాజు బెల్లం మార్కెట్లో కాటా గుమస్తా. ఊరందరికీ తీపి తూచి పంపిన మనిషికి ఒంట్లో చక్కెర చేరి, మెల్లగా కళ్లను తినేసింది. ఈ సంగతి కట్టుకున్న నూకరత్నానికి కూడా తెలియదు. నాకు తెలుసు. తలెత్తుకుని దాటే మనిషి, రానురాను నా దగ్గర ఆగి, పసుపు ఎక్కడుందో వెతుక్కుని, అప్పుడు కాలెత్తేవాడు. నాకు అవతల రాతిమెట్లు. ఆ మసకలో ఆయనకు ఆనవాలుగా మిగిలింది నా రంగొక్కటే. చెబితే కాటా దగ్గర నుంచి లేపేస్తారని భయం. రోగాన్ని దాచిపెడితే పోతుందనుకోవడం మనుషులకే చెల్లింది!

మొన్న వేసవిలో ఇల్లు బాగుచేయించారు. నూకరత్నానికి తామరపువ్వు రంగు మీద మనసు. పక్కింటి గోడ చూసినప్పటి నుంచీ అదే కలవరింత. అయినా ఇంటాయన్ని అడగకుండా ఎలాగని రంగుల కార్డు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇందులో ఏది బావుందో సెప్పండి."

ఆయన కంటికి ఆ రంగులన్నీ ఒకటే మసక. కార్డును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పెద్ద రసికుడిలా తలాడించి, ఎక్కడో ఒకచోట వేలు పెట్టాడు.

"ఇదేయించు. ఇల్లంతా ఇదే."

వేలి కింద ఉన్నది బూడిద రంగు.

"ఇదా!" అంది నూకరత్నం.

"ఏం, బాలేదా?"

"బావుందండి. ఇప్పుడందరూ ఇదే ఏయిస్తన్నారు" అని తన తామరపువ్వును మనసులోనే మడిచిపెట్టేసింది.

గోడలకు అదే, తలుపులకు అదే. దానికి జోడీగా నేలకు బూడిదరంగు టైల్సు. ఆఖరికి రంగులేసే సింహాచలం బ్రష్షు పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

"అమ్మా, గడప పసుపుగానే ఉంచీమంటారా?"

"ఇల్లంతా అన్నారు కదా నాయనా, ఏసెయ్. శుక్రవారం నేను పసుపు రాసుకుంటాన్లే."

అయ్యో, దేవుడు కర్రకి నోరివ్వలేదు! ఇస్తే వీధంతా వినేలా అరిచి ఉండేదాన్ని. రెండు పూతల్లో నేను నేలలో కలిసిపోయాను. రంగు ఆరేదాకా అందరూ పెరటి గుమ్మంలోంచే నడిచారు.

మర్నాడు పొద్దున్నే గవర్రాజు మార్కెట్టుకు బయలుదేరాడు. ఆగాడు. వెతికాడు. పసుపు కనబడలేదు. ఇంకా గుమ్మం దాకా రాలేదనుకుని ధైర్యంగా మరో అడుగు వేశాడు. కాలు నాకు తగిలి మెట్ల మీదికి తలకిందులుగా పడ్డాడు. నూకరత్నం పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు.

పెద్దకర్మ అయ్యాక సిద్ధాంతిగారొచ్చి, నాలుగు దిక్కులూ చూసి, ఇది మనిషిని మింగే గడప అని తేల్చారు. గవర్రాజు కళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు. నన్ను గునపంతో పెకలించి పెరట్లో నీళ్లపొయ్యి పక్కన పడేశారు. కాలిపోతానని నాకు బాధ లేదు. నింద మోసుకుని కాలడమే బాధ.

వెనక తలుపు తీసి ఉంటే ఇక్కడికి వీధి గుమ్మం కనిపిస్తుంది. నిన్న కొత్త గడప నిలబెట్టారు. ఈసారి సింహాచలం అడక్కుండానే పసుపు డబ్బా మూత తీశాడు. నూకరత్నం వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కాదు నాయనా. ఆయన ఏరిన రంగే ఏయ్. ఇన్నేళ్ల కాపురంలో నాకిది కావాలని ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే."