దారి బరువు ఒక్కసారే

ఈ సంగతి నాకు మొదట చెప్పింది రిక్షా హుస్సేన్ సాహెబ్. చీరాలలో ముప్పై ఏళ్లు పార్సిళ్లు తోలిన మనిషి. ఉన్నది దాచడు, లేనిది అతికించడు. ఆయన చెప్పినట్టే చెబుతున్నాను. ఊళ్లో చెప్పుకునేది వేరు.

రెండువేల ఏడు, ఎండలు ముదురుతున్న రోజులు. వెంకటేశ్వరమ్మ తెల్లారగానే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేది. కోడలు హారిక వంట ముగించి కంప్యూటర్ ముందు కూర్చునేది. కొడుకు కోటేష్ ఇంటర్నెట్‌లో కొట్టు తెరిచి ఏడాదయింది. అత్తగారు నేసిన చీరలూ, హారిక పుట్టింటి పొలంలో పండిన మిరపకాయల కారమూ ఆ కొట్లో సరుకు.

సరుకు బంగారం. బేరం మాత్రం తెగేది కాదు. చీర ఒక్కటే కావాలన్నవాళ్లు కొనేవాళ్లు, కారం ఒక్కటే కావాలన్నవాళ్లు కొనేవాళ్లు. రెండూ బుట్టలో వేసుకున్నవాళ్లు మాత్రం పంపే ఖర్చు చూసి బుట్ట వదిలేసి పోయేవాళ్లు.

"నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఆపైన మూసేస్తా. ఒంగోల్లో బట్టల షాపు వాళ్లు రమ్మంటున్నారు. మగ్గం తీసేసి గుంట పూడ్చి, ఆ గది అద్దెకిద్దాం" అన్నాడు కోటేష్. అనడమే కాదు, ట్రాక్టరు ఇసుక కూడా తెప్పించి వాకిట్లో పోయించాడు. వెంకటేశ్వరమ్మ ఆ రోజు నుంచి ఇసుక వైపు చూడకుండా పక్క గుమ్మంలోంచి నడిచేది.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా భిలాయి నుంచి అంకమ్మ గారు ఫోన్ చేసింది. కూతురు భవ్య పెళ్లికి ఆరు చీరలు, నాలుగు కిలోల కారం కావాలట.

"ఏమ్మా, పంపడానికే వెయ్యిన్నీ ఇరవయ్యా? చీరలతో పాటు నేసినావిడ్ని కూడా పంపుతున్నారా?"

"లేదండీ... చీరకి తొంభై, కిలో కారానికి నూట ఇరవై. అన్నీ కూడి..."

"ఆ కూడికలు నువ్వే ఉంచుకో తల్లీ. రేపు సాయంత్రంలోగా సరైన మాట చెబితే సరి. లేదా ఇక్కడి బజార్లోనే కొనుక్కుంటాను."

హారిక ఫోన్ పెట్టేసి కోటేష్ వంక చూసింది. కోటేష్ తల్లి వంక చూశాడు. చీరా కారమూ ఒక మూటలో కట్టకూడదన్నది ఆవిడ శాసనం మరి. ఒకప్పుడు పొన్నూరు షావుకారు చెంచురామయ్యకు పంపిన చీరల మూటకు దారిలో మిరపకాయల ఘాటు పట్టింది. ఆయన ఆ చీరలు నడిబజార్లో పరిచి, "ఇవి కట్టుకోవాలా, కూరలో వేసుకోవాలా?" అన్నాడు. ఆనాటి నుంచి వెంకటేశ్వరమ్మ పొన్నూరు మీదుగా పోయే బస్సెక్కలేదు. కోడలి కారం డబ్బాలు వసారా దాటి లోపలికి రానివ్వలేదు. ఆ శాసనాన్ని ఇంకాస్త సాగదీసి కోటేష్ ప్రతి వస్తువుకీ విడి పార్సిల్, విడి చార్జీ పెట్టాడు.

వసారా వాసానికి వెంకటేశ్వరమ్మ మామగారి నాటి తక్కెడ వేలాడుతుండేది. అందులో సరుకు పెట్టి ఊరి పేరు చెబితే దారి కూడా తూగేది. వాడరేవు అంటే పళ్లెం వేలెడు దిగేది, కాశీ అంటే నేలకు తగిలేది. ఏటా తూనికల ఆఫీసరు వచ్చి ముద్ర వేసి, తన కూతుర్నిచ్చిన ఊరు ఎంత తూగుతుందో చూసుకుని పోయేవాడు. కంప్యూటర్ వచ్చాక దాన్ని అడిగినవాళ్లే లేరు.

"నన్నడగరు, దాన్నీ అడగరు" అని సణుగుతూ వెంకటేశ్వరమ్మ ఒక చీర తెచ్చి పళ్లెంలో పెట్టి, "భిలాయి" అంది. పళ్లెం దబ్బున దిగింది. రెండో పళ్లెంలో నాలుగు రాళ్లు వేస్తే గానీ సరితూగలేదు. రెండో చీర పెట్టింది. పావు రాయి. మూడోదానికీ పావే.

అప్పుడే పార్సిళ్ల కోసం వచ్చిన హుస్సేన్ సాహెబ్ గడప దగ్గర ఆగిపోయాడు. "దారి ఒక్కసారే తూగుతోందమ్మా. నా రిక్షా కూడా అంతే. స్టేషన్‌కి ఒక మూటైనా మూడైనా తొక్కేది ఒకే రోడ్డు."

"చీరల సంగతి సరే అత్తయ్యా, కారమో?" అంది హారిక, మెల్లగా.

వెంకటేశ్వరమ్మ లేచి, వసారా మూల నుంచి కిలో కారం పొట్లం తన చేత్తోనే తెచ్చింది. చీరల పక్కన పెట్టింది. రెండు పావులు, అంతే.

"ఒరేయ్ కోటేషూ, నువ్వు దారిని పదిసార్లు తూచావురా!"

"నువ్వే కదమ్మా విడిగా కట్టమంది!"

"కట్టమన్నాను. ఇప్పుడు కలిపి కట్టమంటున్నాను. అమ్మాయ్, రేకు డబ్బా తే."

కారం డబ్బాలో పోసి, మూత చుట్టూ మైనం కరిగించి పోసి, మైనం గుడ్డ చుట్టి, కొత్త చీరతో కలిపి పెట్టెలో పెట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచింది. చీర తీసి మూడుసార్లు వాసన చూసింది. "గంజి వాసనే" అంది. హారిక అక్కడే అరుగు మీద కూలబడి నవ్వేసింది.

కోటేష్ కొరియర్ వాళ్లను అడిగితే, ఒకే పెట్టెకు మూడువందల ఎనభై అన్నారు. కొట్లో లెక్క మార్చాడు: దారికి ఒకసారి, ఆపైన కిలోకి ఇంత, చీరైనా కారమైనా ఒకటే పెట్టె. అంకమ్మ గారికి హారిక ఫోన్ చేసింది. "ఇదీ మాట! ఇంకో రెండు చీరలు వెయ్యమ్మా" అందావిడ.

బుట్ట వదిలేసి పోయేవాళ్లు తగ్గారు, ఒంగోలు ప్రయాణం ఆగింది. కోటేష్ తలకు పోసుకుని నిద్రపోయాడు. వెంకటేశ్వరమ్మ మళ్లీ ముందు గుమ్మంలోంచి నడిచింది. వాకిట్లో ఇసుకను, వీధి మలుపులో హుస్సేన్ సాహెబ్ రిక్షా దిగబడే గుంతలో పోయించింది. మగ్గం గుంట అలాగే ఉంది.

మొన్న చేనేత సంఘం వాళ్లు వేసిన పుస్తకం మనవరాలి చేత చదివించుకున్నాను. ఆ లెక్క కోటేష్ కంప్యూటర్‌లో కనిపెట్టాడని ఉంది. తక్కెడ ఊసే లేదు. పైగా ముసలమ్మ చివరిదాకా మొండికేసిందట! కారం పొట్లం తెచ్చింది ఎవరు? చదువుకున్నవాళ్లెవరైనా ఆ పేజీ దిద్దించండి. ఆవిడ పేరు, తక్కెడ మాట, రెండూ ఎక్కాలి. హుస్సేన్ సాహెబ్ పేరు కూడా వేస్తే మరీ మంచిది.