రెండు వందల లోపు

మెట్ల కింద ఉన్న చెక్కపెట్టె తలుపు తెరిచి, జేబురుమాలు అంచుతో మీటరు అద్దం తుడిచి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అంకెలు పైకి చదివాడతను. పైకి చదవడం అతనికి అలవాటు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, కొత్తలో, ఆరుని ఎనిమిదిగా చదివి ఒక ఇంటావిడ చేత నానా మాటలూ పడ్డాడు. అప్పట్నుంచీ కన్ను చూసింది నోరు చెప్పి, నోరు చెప్పింది చెవి వింటే గానీ అతని వేళ్ళు ఆ అంకె నొక్కవు.

చేతిలోని యంత్రం కిర్రుమంటూ బిల్లు కక్కింది. దాన్ని మెట్లెక్కి ఇంటి తలుపు సందులోంచి లోపలికి తోసి, అప్పుడే రెండు మెట్లు ఒక్కసారిగా దిగేశాడు. మోకాలు కలుక్కుమంది. యాభై ఎనిమిదేళ్ళ మోకాలు మరి, ఊరుకుంటుందా?

ఆ వీధుల్లో అతన్ని గడియారం అంటారు. ఫలానా తేదీన, ఫలానా వేళకి, ఫలానా గుమ్మంలో ఉంటాడని ఆ పేరు. కూతురు పుట్టిన రోజున కూడా వీధి చివరిదాకా చదివాకే ఆసుపత్రికి వెళ్ళాడు. "ఈయన నన్ను పెళ్ళాడాడో, మీటర్లని పెళ్ళాడాడో ఆ దేవుడికే తెలియాలి" అని భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. చూడబోతే అతనేమంత పద్ధతైన మనిషి కాదు. సొంత చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తుండదు. ఈ తొందరకి కారణం వేరే ఉంది.

ఆ కారణం రెండు వందలు. నెలకి రెండు వందల యూనిట్ల లోపు వాడిన ఇంటికి ప్రభుత్వం కరెంటు సగం ధరకి ఇస్తుంది. ఒక్క యూనిట్ దాటిందా, మొదటి యూనిట్ నుంచీ పూర్తి ధరే. ఈ నియమం రాసిన పెద్దమనిషెవరో గానీ, నెలంటే ముప్పై రోజులని రాయలేదు. మీటరు చదివిన రోజు నుంచి మళ్ళీ చదివిన రోజు వరకు అని రాశాడు. చదివేవాడు రెండు రోజులు ఆలస్యం చేస్తే ఆ రెండు రోజుల కరెంటూ ఆ ఇంటి నెత్తినే పడుతుంది. చేయని తప్పుకి శిక్షన్నమాట. ఈ సంగతి తలకెక్కిన నాటి నుంచీ గడియారానికి స్థిమితం పోయింది. జ్వరమొస్తే మాత్ర మింగి వచ్చేవాడు. వానొస్తే యంత్రాన్ని చొక్కాలో దాచుకుని వచ్చేవాడు.

అలాంటిది ఈ నెల ఏకంగా మూడు రోజులు ఆలస్యమైంది. కొత్త మీటర్లు పెడుతున్నారు. అరగంటకోసారి తమ లెక్క తామే ఆఫీసుకి పంపించుకుంటాయట, ఇంటికి మనిషి వెళ్ళనక్కర్లేదట. వాటి గురించి శిక్షణ అని మూడు రోజులు అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. తమ పొట్ట కొట్టే యంత్రం ఎలా పనిచేస్తుందో ఆ పొట్టలకే విడమరచి చెప్పారు. ఇదే అతని ఆఖరి రౌండు. అయినా హాల్లో అతను కుర్చీ మీద ముళ్ళున్నట్టు కదిలింది ఉద్యోగం పోతున్నందుకు కాదు. అక్కడ ఇళ్ళల్లో మీటర్లు తిరుగుతూనే ఉన్నాయి.

వీధి మలుపులో ఇస్త్రీ అతను ఆపాడు.

"ఏం గడియారం, రేపట్నుంచి మీ బదులు గాలే వచ్చి చదువుకుంటుందటగా?"

"అవునట."

"పగలు మధ్యాహ్నం కరెంటు చవకట, సాయంత్రం ఖరీదట. ఇక మా బట్టల ముడతలు కూడా టైము చూసుకుని పడాలి కాబోలు!"

మామూలు రోజైతే నవ్వేవాడు. "వస్తానన్నా, పన్నెండిళ్ళున్నాయి" అని సాగిపోయాడు.

ఆ రెండు వందల గీతకి అంగుళం దూరంలో బతికే ఇళ్ళు అతని రౌండులో పన్నెండు. ఆలస్యం కాబోతోందని పోయిన నెలే తెలిసి, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి తనే చెప్పాడు. ఎవరూ చెప్పమనలేదు. అది అతని ఉద్యోగమూ కాదు. అన్నిటికన్నా భయం చివరి సందులోని ముసలాయన ఇల్లు. ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కులో గొట్టంతో, ఆక్సిజన్ మిషను పక్కనే ఉంటాడు. కొడుకు లారీ మీద తిరుగుతాడు. కోడలు బట్టల షాపులో పనిచేస్తుంది. పోయిన నెల నూట తొంభై ఆరు. మూడు రోజులు కలిస్తే రెండు వందల పదిహేను పైమాటే. బిల్లు రెట్టింపైతే మిషను అద్దె కట్టలేమని కోడలు చెప్పింది.

"ఎలాగోలా ఓ ఇరవై యూనిట్లు తగ్గించుకోండి బాబాయ్ గారూ" అని అప్పుడే ఆయనకి చెప్పి వచ్చాడు.

నెలనెలా మొదట చదివే ఆ ఇంటిని ఈసారి యంత్రం చిట్టచివరికి నెట్టింది. పొద్దున్నే సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు.

"సార్, ఆ ఒక్క ఇల్లూ ముందు చదివేస్తాను."

"వరస తప్పితే యంత్రం తీసుకోదయ్యా. ఆఖరి రోజు కూడా ఏమిటి నీకీ తాపత్రయం?"

అందుకని పరుగు. టీ మానేశాడు. పది దాటేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక ఇల్లు నూట తొంభై ఎనిమిది. ఇంకొకటి సరిగ్గా రెండు వందలు. అక్కడ అంకె రెండుసార్లు పైకి చదువుకున్నాడు. రెండిళ్ళు దాటిపోయాయి. ఆ బిల్లులు ఇస్తూ, వాడింది తనే అయినట్టు తల దించుకున్నాడు. పదకొండిట్లో తొమ్మిది గట్టెక్కాయి.

చివరి సందులో అడుగు పెట్టేసరికి పదకొండున్నర. మీటరు వరండాలోనే ఉంది. అద్దం తుడిచాడు.

"నలభై ఎనిమిది వేల మూడు వందల ముప్పై ఆరు."

యంత్రం పాత అంకె తీసేసి చూపించింది. నూట ఇరవై మూడు.

మళ్ళీ చదివాడు. మళ్ళీ నూట ఇరవై మూడే. పొద్దుట్నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదిలి, చిన్నపిల్లాడిలా నవ్వేశాడు.

"బాబాయ్ గారూ! ఒడ్డున పడ్డాం! ఇరవై తగ్గించమంటే ఎంత తగ్గించారో చూశారా!"

ఎప్పుడూ సందు మొదట్లోకే వినిపించే మిషను గురక ఇవాళ లేదు. అంకె చదవడం తప్ప మరేమీ చేతకాదనుకునే ఆ మనిషికి, ఆ అంకె ఏం చెబుతోందో అప్పుడు అర్థమైంది. నవ్వు మొహం మీద నుంచి ఎలా తుడుచుకోవాలో తెలియలేదు.

కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. షాపుకి బయల్దేరే వేళ అది.

"రెండు వారాలైంది అన్నయ్యా. నిద్రలోనే పోయారు. వయసు కదా, ఇవాళో రేపో అని డాక్టరు ముందే అన్నారు."

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

"మీ మాటంటే ఆయనకి ఎంత గురో! గడియారం ఇరవై తగ్గించమన్నాడని, నేను షాపుకి వెళ్ళగానే మిషను కట్టేసుకునేవారట. ఫ్యాను కూడా. ఒకరోజు మధ్యలో వచ్చి చూద్దును కదా, ఆయాసపడుతూ అట్టముక్కతో విసురుకుంటున్నారు. నేను కేకలేస్తే, నవ్వి, పదిహేను మిగిల్చానమ్మాయ్, ఇంకో ఐదు అన్నారు." ఆమె కళ్ళు ఒత్తుకుంది. "మీరు ముందే చెప్పబట్టి ఆ చివరి రోజుల్లో ఆయనకో పని దొరికింది. మీ మేలు మర్చిపోం."

ఆమె నిజంగానే కృతజ్ఞతతో అంది. తిట్టినా బాగుండేది. ఇరవై తగ్గించమన్నాడే గానీ, ఆ ఇంట్లో తగ్గించడానికి ఇంకేముందో అతను ఆలోచించలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో చదివిన లక్షల అంకెల్లో, కొత్తలోని ఆ ఒక్క ఆరు తప్ప, ఏదీ తప్పు పోలేదని గర్వపడేవాడు. నోటితో చెప్పిన ఈ ఒక్క ఇరవై మాత్రం ఎవరి పుస్తకంలోనూ దిద్దడానికి దొరకదు.

బిల్లు నొక్కాడు. సగం ధర. ఆమె రెండు చేతులా అందుకుంది.

"కాసిని మంచినీళ్ళు తెస్తానుండండి" అని లోపలికి వెళ్ళింది.

యంత్రం తెర మీద, పని పూర్తయింది, వెళ్ళవచ్చు అని వచ్చింది. జీవితంలో మొదటిసారి గడియారానికి ఎక్కడికీ తొందర లేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. అద్దె మిషను తిరిగి పంపేసినట్టున్నారు, అది ఉండే చోట గచ్చు మీద నాలుగు చక్రాల మచ్చలు ఉన్నాయి. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. పక్కన స్టూలు మీద మాత్రం ఎవరూ తీయని అట్టముక్క ఒకటి అలాగే ఉంది. బొటనవేలు పట్టే మూల నలిగి, మెత్తబడి, చెమటకి నల్లగా నిగనిగలాడుతోంది.