తొలి పెనం బెల్లం

భీమిలిలో బస్సు దిగగానే బిందుమాధవికి ఎవరి కలలోకో నడిచి వచ్చినట్టనిపించింది. ఒకప్పుడు దొరలు సముద్రపు గాలికోసం వచ్చి మకాం వేసిన ఊరట. పెంకులు జారిన బంగళాలు, నాచు పట్టిన సమాధులు, కప్పుల్లేని వరండాలు. ఎండ కూడా పాతబడి, పల్చబడినట్టే ఉంది.

నాన్న నానాజీ ఒడ్డునే ఆగిపోయాడు.

"నువ్వెళ్ళమ్మా. ఆ మలుపులో పచ్చ కిటికీల బంగళా. నేనిక్కడే కూకుంటాను."

అనకాపల్లి పక్కన వాళ్ళ పల్లెలో, ఏటా చెరకు రసం కాచే పెనంలోంచి దిగిన తొలి బెల్లం ఇంటి ఆడపడుచుకే వెళ్ళాలి. నాయనమ్మ దినం నాడు నాన్నకీ, ఆయన అక్క అప్పలకొండమ్మకీ మాటామాటా పెరిగింది. అప్పట్నుంచీ మూడేళ్ళుగా ఆ బెల్లం దిమ్మ వెళ్ళలేదు. ఈసారి మాధవి చేతికిచ్చాడు. అత్త పుచ్చుకుంటే మళ్ళీ రాకపోకలుంటాయి. తిప్పి పంపితే ఇక అంతే.

బంగళా మెట్ల దగ్గర చేతులకేదో జిగటగా తగిలింది. విప్పి చూస్తే, పొద్దున గట్టిగా ఉన్న దిమ్మ అరటాకులో ముద్దైపోయింది. ఇదా ఇచ్చేది? వెనక్కి తిరగబోయింది.

"ఎవులే అది? మాధవివా? ఎంత పెరిగిపోనావే!"

ఆ బంగళాకి కాపలా ఉండే అత్త, వరండాలోకి కొట్టుకొచ్చిన ఇసుక ఊడుస్తోంది. మాధవి తలెత్తకుండా ఆకు చాపింది.

"నాన్న పంపేడత్తా. సముద్రపు గాలికి కరిగిపోయింది..."

అత్త వేలితో కాస్త తీసి నాలిక్కి రాసుకుంది. ఇంకాస్త తీసి చప్పరించింది. అవతల సముద్రం నిద్రలో ఉన్నట్టు ఊపిరి తీస్తోంది.

"గాలీ లేదు, గాడిదగుడ్డూ లేదు," అంది చివరికి. "పాకం ముదరకుండా దింపేసేడు. సిన్నప్పట్నుంచీ అంతే. పొంగితే సాలు, మాడిపోద్దని గాబరా! పెనం కాడ మీ నాన్నే ఉన్నాడు కదేటి?"

"అవునత్తా. నీకు పంపేదని ఎవుల్నీ ముట్టుకోనివ్వలేదు."

అత్త ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఏడీ ఆడు?"

"ఒడ్డున కూకున్నాడు."

"మూడేళ్ళు కూకున్నది సాల్లేదేటి?"

ఆకుని లోపల పెట్టొచ్చి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగింది. మాధవి వెనకే నడిచింది. నీళ్ళ అంచున నాన్న వెనక్కి తిరిగి చూశాడు. పంచె దులుపుకుంటూ, బళ్ళో పిల్లాడిలా గబుక్కున లేచి నిలబడ్డాడు.