కుమరన్ పేరు మీద వచ్చిన పెట్టె

ఫోన్ నేనే ఎత్తాను. డర్బన్‌లోని ఆటసామాన్ల షాపు నుంచి ఎవరో అమ్మాయి. గొంతు నిండా సంబరమే.

"కుమరన్ ఉన్నాడా ఆంటీ? వాడి మెషిన్ వచ్చేసిందని చెప్పండి. ఫస్ట్ లాట్‌లోనే! శనివారం లోపల తీసుకెళ్ళకపోతే తర్వాతి పేరుకి ఇచ్చేస్తాం" అని గలగలా చెప్పేసింది.

కుమరన్ నా తమ్ముడు క్రిష్ కొడుకు. పధ్నాలుగేళ్ళవాడు. వాడు పోయి మూడు నెలలు దాటింది. ఆ పిల్ల నాకేం అపకారం చేసిందని? అయినా పళ్ళు కొరికాను. "చెప్తాను" అని ఫోన్ పెట్టేశాను. ఎవరికి చెప్పాలి?

ఆ ఏడాది డర్బన్ పక్కన మా ఊరు వెరులంలో పిల్లలందరికీ ఆ గేమ్ మెషిన్ పిచ్చి పట్టింది. టీవీకి తగిలించి ఆడుకునే బూడిదరంగు పెట్టె. అంతకు ముందు సంవత్సరమే నల్లా తెల్లా అందరూ కలిసి వోటేసిన మొదటి ఎన్నికలయ్యాయి. బయటి దేశాలు పెట్టిన ఆంక్షలు పోయాయి, ఇక ప్రపంచంలో ఎక్కడ ఏది పుట్టినా మనకీ వస్తుందని అందరూ అన్నారు. వచ్చింది. కాకపోతే గుప్పెడు వచ్చింది, ఊళ్ళకి ఊళ్ళు చేతులు చాచాయి. షాపువాళ్ళు ముందే పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. కావలసినవాళ్ళు స్వయంగా వచ్చి రాయించుకోవాలన్నారు.

జూలై సెలవుల్లో కుమరన్ "డర్బన్ తీసుకెళ్ళు డాడీ" అని తండ్రి ప్రాణం తీశాడు. క్రిష్ చక్కెర మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. రేపు చూద్దాంలే అని అటు తిరిగాడు. రేపటిదాకా ఆగే రకమా వాడు? మినీబస్ టాక్సీ ఎక్కి తనే వెళ్ళాడు, పేరు రాయించుకున్నాడు. తిరిగి వస్తుంటే చెరకు తోటల దగ్గర ఆ టాక్సీ బోల్తా పడింది.

అప్పటినుంచి క్రిష్ పగలు పడుకోవడం మానేశాడు. డ్యూటీ దిగి వచ్చి గేటు పక్కన గోడ మీద కూర్చుంటాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉంటాయి. నేను తిడతాను, వాడు వింటాడు, కదలడు.

ఫోన్ సంగతి మింగేద్దామనే అనుకున్నాను. నా కడుపులో ఏ మాటైనా ఆగితే కదా. సాయంత్రం టీ ఇస్తూ చెప్పేశాను.

"వాడి పేరు పిలిచారా అక్కా?" అన్నాడు క్రిష్. ముందు అదే అడిగాడు.

"పిలిచారు."

"ఎల్దాం. సాటర్‌డే దాకా వెయిట్ చెయ్యొద్దు."

"ఏం చేసుకుంటావురా దాన్ని?"

"నెక్స్ట్ వీక్ పెద్దలకి పెడతాం కదా. వాడికి పెడతా."

దీపావళికి ముందు మా ఇళ్ళలో పెద్దలకు పెట్టుకుంటాం. పోయినవాళ్ళ ఫోటోల ముందు తెల్లదుప్పటి పరిచి, అరిటాకుల్లో వాళ్ళు బతికుండగా ఇష్టంగా తిన్నవన్నీ వడ్డిస్తాం. తాగినవాడికి తాగేదీ, ముక్కుపొడి పీల్చినవాళ్ళకి ముక్కుపొడీ. సాంబ్రాణి వేసి తలుపు మూసేసి అందరం బయటికి వచ్చేస్తాం. వాళ్ళు వచ్చి తిన్నాక ఇంటి పెద్ద తలుపు తట్టి తెరవాలి. అప్పుడు ఆ ఆకుల్లోది ఇంటిల్లిపాదీ పంచుకు తినాలి. అంతదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు. మా తాతలు చెరకు తోటల్లో కూలికొచ్చి ఓడ దిగినప్పుడు తెచ్చుకున్నవాటిలో భాష సగం పోయింది కానీ ఇది పోలేదు. ఈసారి ఆ పెద్దల వరసలో మీసం కూడా రాని మా కుమరన్ కూర్చోవాలి. ఏడాది తిరక్కుండా వాడికి పెట్టకూడదని పూజారి అంటే మా అమ్మ సూరమ్మ ఆయన మీద ఇంతెత్తున లేచింది.

"ఆకలి ఏడాది ఆగుద్దా? నువ్వు ఆగుతావేటి?" అంది.

మర్నాడు డర్బన్ వెళ్ళాం. షాపు ముందు క్యూ వీధి మలుపు దాటిపోయింది. కుర్చీలేసుకున్నవాళ్ళు, దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు. తెల్లవాళ్ళు, మనవాళ్ళు, జులూ వాళ్ళు, అందరూ ఒకే వరసలో. కిందటేడు వోటుకి కూడా ఇలాగే నిలబడ్డాం. ఆ రోజు మా అమ్మ కోసం కుమరన్ స్టూలు మోసుకొచ్చి, వరస కదిలినప్పుడల్లా అది ముందుకు జరిపాడు. ఆ క్యూలో నిలబడితే అందరికీ తలో వోటు దొరికింది. ఇక్కడ అలా కాదు.

మా వంతు వచ్చి లోపలికి వెళ్ళాం. అక్కడ ఒక టీవీకి ఆ మెషిన్ తగిలించి పెట్టారు, పిల్లలు ఆడి చూసుకోవడానికి. తెర మీద ఎర్ర కారు దూసుకుపోతోంది. దాని చుట్టూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. క్రిష్ కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు, నేను ఆ టీవీ దగ్గరే నిలబడ్డాను. ఒక తల్లి వచ్చి ఆడుతున్న కొడుకు చెవి పట్టుకుని లాక్కుపోయింది. వాడి చేతిలోని, కారుని నడిపే మీటల పలక కింద పడింది. ఇంకెవరూ ముట్టుకోకముందే షాపతను అందరినీ వెనక్కి నెట్టాడు. కారు ఆగింది, పాట వచ్చింది. కాసేపటికి చూద్దును కదా, ఎర్ర కారు దానంతట అదే బయల్దేరింది! మలుపులు తిరిగింది, గోడలకి రాసుకుంది, చక్రాలు కీచుమన్నాయి. తర్వాత తెర నల్లబడి చప్పుడంతా ఆగింది. మళ్ళీ మొదటినుంచీ పాట. ఎవరూ లేనప్పుడు తన ఆట తనే ఆడుకుంటుందన్నమాట.

నేనూ క్రిష్ వెనక చేరాను. కౌంటర్‌లో అమ్మాయి కుమరన్ పేరు వినగానే మొహం విప్పార్చుకుంది. "ఓ, ఆ అల్లరి పిల్లాడి నాన్నా మీరు? ఆ రోజంతా ఇక్కడే ఉన్నాడు. ఈ మెషిన్ గురించి నాకే పాఠం చెప్పాడు. ఏడీ, రాలేదా?"

"రాలేదు" అన్నాడు క్రిష్.

"లెవెల్స్ అన్నీ అయ్యాక వచ్చి నాకు చెప్పమనండి."

"చెప్తా."

వెనకనుంచి ఒక మనిషి క్రిష్ భుజం పట్టుకున్నాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చాడట, పేరు డొరసామి. లిస్టులో కుమరన్ తర్వాతి పేరు వాళ్ళబ్బాయిదే. "బ్రదర్, ప్లీజ్. మావాడి బర్త్‌డే రేపే. మీ అబ్బాయిని నెక్స్ట్ లాట్ దాకా ఆగమని చెప్పండి. పిల్లలు కదా, వింటారు" అని దాదాపు ఏడుస్తూ బతిమాలాడు.

క్రిష్ అతని చెయ్యి మెల్లగా తీసేశాడు. "ఒకసారి ఆగమన్నా" అన్నాడు. "ఇంక చెప్పలేను."

కారులో నేనూరుకోలేదు. బతికున్న పిల్లాడికి ఇచ్చేస్తే పోయేదేముందిరా, వాడైనా ఆడుకునేవాడు కదా అన్నాను. క్రిష్ ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కారు నడుపుతున్నాడు. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా దాని మూల గుచ్చుకుంటోంది. అయినా వెనక సీట్లో పెట్టడు.

"దీని మీద వాడి పేరు రాసారు అక్కా" అన్నాడు.

పెద్దలకు పెట్టే రోజు వచ్చింది. టీవీని కుమరన్ గదిలోకి మోశాం. మెషిన్‌తో వచ్చిన పుస్తకం చూసి నేనూ క్రిష్ వైర్లతో కుస్తీ పడుతుంటే, వాడి తల్లి పుష్పం గుమ్మంలో నిలబడి "ఎల్లోది ఎల్లోలో, వైట్ పక్కన రెడ్" అంది. మూడు నెలలుగా ఆమె మాటలు అంతే, పొదుపుగా.

ఒక ఫోటో మా నాన్నది, పక్కన కుమరన్ స్కూలు ఫోటో. నాన్న ముందు చేపల వేపుడు, సిగరెట్ పెట్టె, గ్లాసులో చెరకు సారా. కుమరన్ ముందు బ్రెడ్డు దొలిచి మాంసం కూర నింపిన బన్నీ, కూల్‌డ్రింకు, గారెలు. ఆకు కుడిపక్కన క్రిష్ మీటల పలక పెట్టాడు. పుష్పం వంగి దాన్ని ఎడమపక్కకి మార్చింది. వాడిది ఎడమచేతి వాటం. తండ్రికి అది గుర్తు లేకపోవడం క్రిష్ మొహంలో చూశాను, చూడకుండా ఉంటే బాగుండేది.

"ఆ పెట్టి అన్నం కాడ ఏటే?" అని మా అమ్మ గొణిగింది. తర్వాత తనే దానికీ ఒక బొట్టు పెట్టింది.

క్రిష్ మెషిన్ ఆన్ చేశాడు. పాట మొదలైంది. సాంబ్రాణి పొగలోంచి నలుగురం బయటికి వచ్చి తలుపు మూసి, నడవలో నేల మీద కూర్చున్నాం.

కాసేపటికి లోపల పాట ఆగింది. తర్వాత కారు కదిలిన మోత. చక్రాలు కీచుమన్నాయి.

"ఒలమ్మో!" అని మా అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "వచ్చీసినాడే! నా గుంటడు వచ్చీసినాడే! ఇనబడతందా?"

పుష్పం నవ్వింది. ఆ నవ్వు నేను మరిచేపోయాను. క్రిష్ మోకాళ్ళ మీద లేచి తలుపుకి చెవి ఆనించాడు. "అవును మా. ఆడుతున్నాడు" అన్నాడు.

ఎవరి కోసం ఆడుతోంది ఆ దరిద్రపు పెట్టె? చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. క్రిష్ నా మొహం చూశాడు. పక్కకి జరిగి నా చెవిలో అన్నాడు: "షాపులో నేనూ చూశా అక్కా. పుష్పంకి చెప్పొద్దు. ఫస్ట్ టైం నవ్వింది."

అమ్మ తలుపు తట్టబోతే క్రిష్ ఆపాడు. "ఇంకాసేపు మా. ఆడనీ."

"ఆడనీరా, ఆడనీ. ఎన్నాళ్ళయిందో" అంది అమ్మ.

మధ్యాహ్నం జరిగిపోయింది. మా అమ్మకి షుగర్. పొద్దున్నే మాత్ర వేసుకుంది, తిండి లేదు. చేతులు వణకడం మొదలైంది. చక్కెర నీళ్ళయినా తాగవే అంటే, ఆడు తినకుండా నేనా అని నన్నే కసిరింది. ఇది తేలేది కాదని, అప్పటికే లేచి వంటింట్లోకి వెళ్ళిన పుష్పాన్ని అడుగుదామని అక్కడికి వెళ్ళాను. ఆమె గట్టు మీద చేతులు ఆనించి నిలబడి ఉంది.

"ఒదినా" అంది, నేను నోరు తెరవకముందే. "కుమరన్ మ్యాగజైన్‌లో చదివి నాకు చెప్పాడు. ఎవ్రీ నైట్ అదే స్టోరీ. ముట్టకపోతే దానంతట అది ఆడుద్ది మా, అని. నాకు తెలుసు." కొంగుతో మొహం తుడుచుకుంది. "క్రిష్‌కి మాత్రం చెప్పొద్దు. డోర్ దగ్గర ఎట్లా కూర్చున్నాడో చూడు. కొడుక్కి ఇచ్చా అనుకుంటున్నాడు. అట్లా ఉండనీ."

నేనేం చెయ్యను? అన్నం పెట్టినట్టు ఒకరికొకరు అబద్ధం వడ్డించుకుంటున్నారు. ఆ రెండూ నా దగ్గర ఉన్నాయి. అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. మళ్ళీ వెళ్ళి నడవలో కూర్చున్నాను. లోపల కారు పోతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా మా అమ్మ గోడ పట్టుకుని లేచింది. ఈసారి క్రిష్ చెయ్యి తోసేసింది. ఇంటి పెద్ద తనే. తలుపు మీద దబదబా బాదింది. వాడు బతికున్నప్పుడు భోజనానికి రాకపోతే ఎలా బాదేదో అలాగే.

"ఒరే కుమరా! ఇంక సాలు, కట్టెయ్! కూడు సల్లారిపోనాది. మీయమ్మ పొద్దున్నించి తిన్లేదు. ఇంటన్నావా నేదా?"

లోపల చప్పుడు ఆగిపోయింది.

ఒక్కసారిగా, మొత్తం. కారు లేదు, పాట లేదు. తెర నల్లబడినప్పుడు అలా ఆగుతుందని నాకు తెలుసు. షాపులో చూశాను. క్రిష్‌కి తెలుసు. పుష్పానికీ తెలుసు. తెలిసీ ముగ్గురం ఊపిరి బిగబట్టాం. నానమ్మ కేక విని వాడు కట్టేశాడని నేను నమ్మాను. ఆ క్షణం నిజంగా నమ్మాను. పుష్పం వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "కుమరన్!" అని క్రిష్ గొంతు చించుకుని అరిచి తలుపు తోశాడు.

సాంబ్రాణి ఆరిపోయి ఉంది. బన్నీ మీద కూర కొవ్వు తెల్లగా పేరుకుంది. మీటల పలక పుష్పం పెట్టినచోటే, ఆకు ఎడమపక్కన ఉంది. మేం చూస్తుండగానే తెర వెలిగి, మొదటినుంచీ పాట మొదలైంది.

క్రిష్ గుమ్మంలోనే కూలబడ్డాడు. పుష్పం వాడి మొహంలోకి చూసింది, వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఆ పాటకి ఇద్దరిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇంక నేను దాచాల్సింది ఏమీ మిగల్లేదు.

మా అమ్మకి చూపు సరిగా ఆనదు. గుమ్మం పట్టుకుని లోపలికి తల పెట్టింది.

"ఎల్లిపోనాడా? తినీసినాడా?" అని అడిగింది.

"తిన్నాడత్తా" అంది పుష్పం. "అన్నీ తిన్నాడు." వెళ్ళి గోడకున్న స్విచ్ ఆపేసింది. తర్వాత కొడుకు ఆకు ముందు కూర్చుని, చల్లారిన బన్నీని చేత్తో విరిచి, మొదటి ముక్క మా అమ్మ నోట్లో పెట్టింది.