ఆయన చెప్పిన ముగింపు

"మా స్టాఫ్‌రూములో నాన్న కాళ్ళవాపు గురించి నన్నడుగుతున్నారమ్మా. పోయి పది నెలలైంది. నీ ఉత్తరంలో మాత్రం వారం వారం చస్తూనే ఉన్నాడు."

మా అమ్మాయి ఆ మాట అని, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

నేను గ్రంథాలయంలో చినిగిన పాత పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కడతాను. ఆరేళ్ళుగా ప్రతి శనివారం ఈమెయిల్లో ఒక ఉత్తరం రాస్తున్నాను. రెండు వందల మంది చదువుతారు. మొదట్లో పూలకుండీలు, మోకాళ్ళ నొప్పులు, పక్కింటి పిల్లి. తరవాత ఆయన జబ్బు, ఆసుపత్రి, ఆయన లేని ఇల్లు.

మూడు వారాలు అమ్మాయి గడప తొక్కలేదు. ఫోను చేస్తే "పేపర్లు దిద్దుకుంటున్నా" అనేది. నాలుగో వారం నేనే దిగివచ్చాను.

"ఇకమీదట ఉత్తరంలో ఇంటి సంగతులుండవు. పాత పుస్తకాలు, కొత్త సినిమాలు. మీ నాన్న ఊసెత్తను."

"ఒట్టా?"

"ఒట్టే."

"సినిమాలా! నువ్వు చివరి సినిమా చూసేనాటికి నేను పుట్టానా?"

నిజమే. చీకటి హాల్లో నాకు ఊపిరాడదు. ఆయనేమో సినిమాహాల్లో ఆపరేటరు. నా సెలవురోజున, పొద్దుటి ఆట అయ్యాక భోజనానికి వచ్చి, అన్నం కలుపుకుంటూ కథంతా చెప్పేవారు. ఆ వారం నేను కుట్టిన పుస్తకంలోని కథ నేను చెప్పేదాన్ని. ముప్ఫై ఏళ్ళు మా భోజనాలు అలాగే సాగాయి.

ఆ లెక్కన నాకు తెలియని సినిమా లేదనుకున్నాను. కొత్త ఉత్తరంలో ఒక పాత నవలనూ, ఆయన ఆఖరున చెప్పిన సినిమానూ పక్కపక్కన పెట్టాను. నవలలో పడవవాడి భార్య రేవులో ఎదురుచూస్తుంది, వాడు రాడు. సినిమాలో ఒక నర్సు బస్టాండులో తమ్ముడికోసం ఎదురుచూస్తుంది. చివరి బస్సులో దిగుతాడు. పాతవాళ్ళకంటే కొత్తవాళ్ళకు జాలి ఎక్కువని తేల్చాను.

సోమవారం ఒక దర్జీ రాశాడు: "అక్కా, మీరు చూసింది ఏ సినిమా? ఆ బస్సులోంచి ఎవరూ దిగరు." సాయంత్రానికి మరో పదకొండు మంది అదే మాట.

అమ్మాయికి ఫోను చేశాను. దర్జీ మాట చెప్పాను.

"నాన్న నీకు చెప్పినవన్నీ అంతేనమ్మా. సినిమాలో పోయినవాళ్ళని నీ దగ్గర బతికించేవాడు. నేను అడిగాను కూడా. 'పొద్దస్తమానం ఆ పుస్తకాల్లో చచ్చేవాళ్ళతోనే మీ అమ్మ కాపురం. ఇంట్లోనన్నా ఒకణ్ణి బతకనీ' అన్నాడు."

"నాకు చెప్పలేదేం?"

"గుట్టుగా ఉండమన్నాడు. ఉన్నాను."

తప్పు దిద్దాలంటే ఇదంతా చెప్పాలి. చెబితే ఆరేళ్ళలో ఇంత మంచి ఉత్తరం ఇంకొకటి ఉండదు. రెండు వందల మందీ కళ్ళు తుడుచుకుంటారు. "మా ఆయన" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. చదువుకున్నాను. బాగుంది. ఒట్టు గుర్తొచ్చింది. మొత్తం చెరిపేశాను.

శనివారం ఇంతే పంపాను: "పోయినవారం ముగింపు తప్పు. ఆ సినిమా నేను చూడలేదు. చూసి రాస్తాను. మన్నించండి."

పది నిమిషాల్లో ఫోను మోగింది.

"మూడు ముక్కల ఉత్తరం చదివాను. లాప్‌టాప్ తెస్తున్నా. వండకు, నేనే ఏదో పట్టుకొస్తా."

కిటికీ తెరలు తీసిన వెలుతురులో, ఆయన కథలు చెప్పిన భోజనాల బల్ల మీదే చూశాం. చివరి బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. నర్సు ఒక మెట్టెక్కి, ఖాళీ సీట్లన్నీ చూసి, దిగింది. అమ్మాయి లాప్‌టాప్ మూత వెయ్యబోతే "ఉండు" అన్నాను. పేర్లన్నీ అయ్యేదాకా చూశాను.

"నాన్న చెప్పినదాంట్లో తమ్ముడు దిగి ఏమంటాడు?" అంది.

"'అక్కా, ఆకలేస్తోంది, అన్నముందా?' అంటాడు. అప్పుడే నేను రెండోసారి వడ్డిస్తున్నాను."

అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వుతూనే చున్నీతో మొహం కప్పుకుంది. ఆ గుడ్డలోంచే అంది: "ఇది రాయకు."

"రాయను."

ఆ వారం ఉత్తరంలో, బస్సు ఖాళీగానే వచ్చిందని రాశాను.