కట్టలో ఆగిన కాగితం

బాలల కోర్టులోని పెద్ద గుమాస్తాను చాటున అందరూ 'కట్టల మావయ్య' అనేవారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. విడుదల కాగితాలు ఒక్కొక్కటిగా హోముకు పంపడం ఆయన లెక్కలో శుద్ధ దండగ. అయిదు పోగయ్యాక దారంతో కట్ట కట్టి, అటెండరు చేత ఒక్క నడకలో పంపేవాడు. ఇరవై ఏళ్లుగా ఈ తెలివికి తనను తానే మెచ్చుకుంటున్నాడు.

ఆ సోమవారం నాలుగో కాగితం కట్టలో దోపుతూ అడుగుదాని తేదీ చూశాడు. గురువారం. దుకాణంలో గాజులు తీసిందని పట్టుకొచ్చిన పద్నాలుగేళ్ల పిల్లది. ఇస్త్రీ పని చేసుకునే ఆ పిల్ల తల్లి శుక్రవారం కిటికీ దగ్గరికొచ్చి అడిగితే, తలెత్తకుండానే, "ఇంకా పైనుంచి రాలేదమ్మా" అన్నాడు. శనివారమూ అదే మాట. ఎవరడిగినా ఆయన నోట వచ్చేది అదే. కాగితం మాత్రం మోచేతి కిందే ఉంది.

ఆయన ముఖమూ, కాగితం మీది తేదీ చూసి అటెండరు దగ్గరికొచ్చాడు.

"ఇంత మాత్రానికేనా సార్? ఇవాళే అందినట్టు రిజిస్టర్లో రాసెయ్యండి. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లు ఇక్కడెవరున్నారు?"

"నువ్వు రాస్తావా?"

"అమ్మో! నా దస్తూరీ బాగుండదు సార్."

గుమాస్తా కలం తీశాడు. అబద్ధం రాస్తే అడిగేవాడు లేడు. నిజం రాస్తే, రిటైరయ్యే ముందు సంజాయిషీ. బేరం ఎటు లాభమో చిన్నపిల్లాడైనా చెబుతాడు. కానీ ఆ కిటికీలోకి వంగిన ముఖం కళ్ల ముందు నుంచి కదలలేదు. గురువారమనే రాశాడు. ఆ ఒక్క కాగితమే జేబులో పెట్టుకుని తానే నడిచాడు.

హోము గేటు దగ్గర తల్లి ఉతికిన బట్టల జత ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన లోపలికెళ్లి కాగితం ఇచ్చి, పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. తల్లి రెండు చేతులూ జోడించింది.

"మీరే తెచ్చారా బాబూ! మీ కడుపు చల్లగుండ!"

"నాకు దండం పెట్టకమ్మా. ఇది గురువారమే వచ్చింది. నా బల్ల మీదే పడుంది. రాలేదని నీకు అబద్ధం చెప్పాను."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండును. ఆమె ఆయన వైపే చూడలేదు. కూతురి వైపు తిరిగింది.

"మరి నిన్న చూడ్డానికొచ్చినప్పుడు నేను నిన్ను... లోపల ఇంకేం వెలగబెట్టావే, అందుకే వదల్లేదు అని..."

"ఏమీ చెయ్యలేదని ఒట్టు పెట్టాను కదమ్మా," అంది పిల్ల నెమ్మదిగా. "నమ్మావా?"

తల్లి బట్టల జత కూతురి వైపు చాపింది. గుమాస్తాకు తల కొట్టేసినట్టయింది. తన సంజాయిషీ తాను రాసుకోగలడు. ఈమెది ఎవరు రాసిస్తారు?

పిల్ల బట్టలు అందుకోకుండానే నడక మొదలుపెట్టింది. తల్లి నాలుగడుగుల వెనక నడిచింది. ఆయన పోవలసిందీ ఆ దారినే. వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా గేటు పక్కనే తలవంచుకుని నిలబడ్డాడు.