నాలుగు నెలలు తక్కువ

యొర్దాను ఏరు దాటబోయే మగవాళ్ళ లెక్క రాసేవాళ్ళు సెరెదు వంశం గుడారాల దాకా వచ్చారని తెలిసిన దగ్గర్నుంచి అటారాకి కాళ్ళు ఒకచోట నిలవలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. తిండికని ఆకాశం నుంచి రాలిన మన్నా ఏరుకోక ఎండకి కరిగిపోతున్నా ఆవిడకి పట్టలేదు.

ఆవిడ కొడుకు షమ్మయి గుడారం ముందు కూర్చుని చెప్పు తాడు బిగించుకుంటున్నాడు. దేవుడిస్తానన్న దేశంలోకి వెళ్ళమని జనం మొండికేసినందుకు, ఇరవై నిండి పాత లెక్కకెక్కిన ఏ మగవాడూ యొర్దాను దాటడని, అందరూ ఎడారిలోనే రాలిపోతారని ముప్పై ఎనిమిదేళ్ళ కిందట తీర్పు వచ్చింది. దేవుడు మినహాయించిన ఇద్దరినీ పక్కన పెడితే, లక్షల్లో మిగిలింది షమ్మయి ఒక్కడే. అతను పోతేగానీ పాళెం కదలదు. ఒక మనిషి చావు కోసం ఊరికి ఊరు మూట కట్టుకుని కూర్చోవడం ఎక్కడైనా ఉందా? ఇక్కడ ఉంది.

నీళ్ళ దగ్గర కుర్రకారు ఆటపట్టించేవాళ్ళు కూడా. “ఏం బాబాయ్, ఇవాళా లేచావా?”

“ఏం చెయ్యనురా, పోదామనే పడుకున్నా. నిద్ర పట్టేసి తెల్లారిపోయింది,” అనేవాడు షమ్మయి. వాళ్ళు నవ్వేవారు. గుడారంలో అటారా చెవులు మూసుకునేది.

ఎందుకంటే ఆ పాత లెక్క రాసినప్పుడు షమ్మయికి ఇరవై లేవు. నాలుగు నెలలు తక్కువ. మొగుడు ఐగుప్తులో బానిసగా ఇటుకల బట్టీల దగ్గరే పోయాడు. లెక్కలో మగవాడు లేకపోతే ఆ ఇంటి పేరే ఉండదని, కొడుకు చేతికి తండ్రి కర్ర ఇచ్చి నిలబెట్టి, “ఇరవై నిండాయి” అని గర్వంగా చెప్పింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా తీర్పు వచ్చింది. దేవుడి ముందు చెప్పిన లెక్క తప్పని ఒప్పుకోవడానికి భయపడి నోరు మూసుకుంది. ఏటేటా కొడుకు ఈడువాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే లోపల్లోపల చచ్చింది.

లెక్క రాసే రేగెము వచ్చి షమ్మయి గుడారం దాటిపోబోయాడు. అటారా అడ్డం వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

“ఒరే నాయనా, వీణ్ణి రాయరా. వీడికి అప్పుడు పందొమ్మిదే. ఇరవై అని అబద్ధం చెప్పింది నేను.”

“అవ్వా, ఏం మాటలివి? ఎవరున్నారు సాక్ష్యం?”

షమ్మయి పుట్టుక తెలిసినవాళ్ళు, ఆనాడు లెక్క రాసినవాళ్ళు ఒక్కొక్కరూ ఆవిడకి గుర్తొచ్చారు. “అందరినీ పూడ్చిపెట్టేశాం కదరా,” అంది.

చుట్టూ జనం మూగారు. మొన్నటి తెగులుకి ఇద్దరు కూతుళ్ళని పోగొట్టుకున్నవాడొకడు ముందుకొచ్చాడు. “అయితే ఈ ముసల్ది దేవుడి లెక్కలో అబద్ధం రాయించిందా? ఆ పాపమా మా పిల్లల్ని తిన్నది?” అంటూ వంగి రాయి తీశాడు. అతని వెనకాల ఇంకొందరు వంగారు.

రేగెము గాభరాగా షమ్మయి వైపు తిరిగాడు. “బాబాయ్, నీ నోటి మాట చాలు. పందొమ్మిదే అంటే ఇప్పుడే రాసేస్తా. చెప్పు, అప్పుడు నీకెన్నేళ్ళు?”

షమ్మయి లేచి నిలబడ్డాడు. ఏటి అవతల యెరికో ఖర్జూరపు తోటలు కనబడుతున్నాయి. కాసేపు అటే చూశాడు. వెళ్ళాలని అతనికి ఎంత ఆశో అటారాకి తెలుసు.

“ఇరవై,” అన్నాడు. “నిండాయి. అమ్మది పెద్దతనం, ఏదో అంటుంది. పట్టించుకోకండి.”

రాళ్ళు కింద పడ్డాయి. రేగెము పక్క గుడారానికి వెళ్ళాడు. అటారా రెండు పిడికిళ్ళతో కొడుకు గుండెల మీద బాదింది.

“ఎందుకురా! ఎందుకలా అన్నావురా, చచ్చినోడా!”

“వాళ్ళ చేతుల్లో రాళ్ళున్నాయి కదమ్మా,” అన్నాడు షమ్మయి, ఆవిడ చేతులు పట్టుకుని.

అయిదో రోజున అతను పోయాడు. జబ్బూ లేదు, నొప్పీ లేదు. అయ్యో అన్నవాళ్ళు లేకపోలేదు గానీ, ఆ సాయంత్రానికే గుడారాల మేకులు పీకడం మొదలైంది.

ఆడవాళ్ళకి ఆ తీర్పు లేదు. అటారా నిక్షేపంలా దాటొచ్చు. మనవరాలు గాడిదను తెచ్చి, “నానమ్మా, ఎక్కవే, మనవాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారే,” అని ఏడ్చింది. అటారా కొడుకు సమాధి మట్టి మీంచి లేవలేదు. దుమ్ము రేపుకుంటూ గోత్రానికి గోత్రం ఆవిణ్ణి దాటుకుని పోతోంది. ఆవిడ దారినపోయే ఒక్కొక్కరి కొంగూ పట్టుకుని, “మా వాడికి అప్పుడు పందొమ్మిదేనమ్మా,” అని చెబుతోంది. ఏరు దాటే తొందరలో వాళ్ళు కొంగు విడిపించుకుని వెళ్ళిపోతున్నారు.